పై పోస్టు తీగ

కంచుగొంతు కెప్టెన్ నాకు ఏం అన్యాయం చేశాడని ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో చెప్పగలను. నేను కళ్ళారా చూసిన యుద్ధాన్ని నా ఒంటి మీంచి ఊడబెరుక్కుని, తన కొలతకు కుట్టించుకుని, తొడుక్కుని లోకమంతా తిరిగాడు. బళ్ళలో చెప్పాడు. సభల్లో చెప్పాడు. ఆ గొంతుకి మైకు కూడా అక్కర్లేదు. చెప్పి చెప్పి చివరికి పుస్తకం వేశాడు. అట్ట మీద దూరంగా ఎటో చూస్తున్న ఆయన ఫొటో. లోపల మేమంతా 'మా కుర్రాళ్ళు'. రెండు వందల పేజీల్లో నేను కనిపించేది ఒకే ఒక్క చోట, అదీ 'ఒక లైన్‌మన్' అని. నా సంగతి పోనివ్వండి, బతికున్నవాణ్ణి, నాలుగు తిట్టి ఊరుకుంటాను. బక్కోణ్ణి పిరికివాడని రాశాడు. చచ్చినవాడు లేచొచ్చి కాదనలేడు కదా.

వారం వారం రాస్తున్న ఈ కథలో మొదట్నుంచీ నా వెంట వస్తున్నవాళ్ళకు ఇదంతా తెలుసు. కొత్తగా ఈ పేజీ తిప్పినవాళ్ళ కోసం మళ్ళీ చెబుతాను. ఇరవై రెండేళ్ళ కిందట, ఒక మంచు కొండ మీద, మా దళం కందకంలో ఉంది. మాకు పైన, శిఖరం అంచున, పై పోస్టు. అందులో ఒక్కడే కాపలా, చేతిలో టెలిఫోను. వాడే బక్కోడు. ఆ టెలిఫోను తీగ పరిచినవాణ్ణి నేను. ఒక రాత్రి వెనక్కి తగ్గమని ఆర్డరు వచ్చింది. వెనక్కి తగ్గే మాట ఫోన్లో చెప్పకూడదు. తీగకి ఎక్కడ ఎవడు చెవి పెట్టాడో తెలియదు. మనిషే వెళ్ళి చెప్పాలి. కెప్టెన్ ఎవర్నీ పంపలేదు. నన్ను మాత్రం 'చుట్టినంత తీగ చుట్టుకుని వచ్చెయ్' అన్నాడు. చుట్టుకుని వచ్చేశాను. పైనున్నవాడు పైనే ఉండిపోయాడు. వారం తర్వాత కొండ మళ్ళీ మా చేతికి వచ్చేసరికి, వాడు పోస్టుకి కింద వాలు మీద చచ్చిపడి ఉన్నాడు. పారిపోతూ చచ్చాడని కెప్టెన్ రాశాడు. అందుకే రేపు పొద్దున ముసుగు తీయబోయే స్మారక శిల మీద పదకొండు పేర్లే చెక్కుతున్నారు. పన్నెండోది చెక్కించాలని వాడి చెల్లెల్ని వెంటబెట్టుకుని, నా రేకుపెట్టెలోంచి ఒక పాత చీటీ తీసుకుని, సంఘం మెట్లెక్కాను. పోయిన వారం మిమ్మల్ని ఆ తలుపు దగ్గర నిలబెట్టాను. ఇప్పుడు తోస్తున్నాను.

మాజీ సైనికుల సంఘం గది పెద్దదేం కాదు. రెండు ఇనప బీరువాలు, గోడకి ఒక గుంపు ఫొటో, ఒక టేబులు, నాలుగు కుర్చీలు. కిటికీ తెరిచి ఉంది. కింద ఆవరణలో రాయి పడుకోబెట్టి ఉంది. దాని మీద రాతిపనాయన ఉలి చప్పుడు, గడియారంలా, ఒక్కొక్కటే పైకి వస్తోంది. మధ్యాహ్నం మూడు దాటింది.

టేబుల్ వెనక కంచుగొంతు. పక్కన వంటాయన. దళంలో వంట చేసేవాడు, ఇప్పుడు సంఘానికి కార్యదర్శి. రెండు పనులకీ ఒకటే తెలివి కావాలంటాడు, ఎవరి కడుపూ నిండకపోయినా ఎవరూ అలక్కుండా చూసుకోవడం.

"రావోయ్ తీగా," అన్నాడు కెప్టెన్. కిటికీ అద్దం సన్నగా అదిరింది. "కూర్చో. అమ్మా, మీరూ కూర్చోండి."

"కూర్చోవడానికి రాలేదు సార్," అన్నాను. ఇదొక దరిద్రం. ఇరవై రెండేళ్ళు కడుపులో నిప్పు పెట్టుకు తిరిగినా, మనిషి ఎదురుపడగానే నోరు దానంతటదే సార్ అంటుంది.

నేను టేబుల్ మీద చెయ్యి వేశాను. వంటాయన గబుక్కున అడ్డొచ్చాడు. "గట్టిగా కొట్టకురా. దాని కాలు ఒకటి పొట్టి. కింద సార్ పుస్తకాలు రెండు పెట్టాను."

"ఊగడం ఆగిందా?" అన్నాను.

"ఇప్పుడు కదలమన్నా కదలదు. బరువైన రచన."

కెప్టెన్ కూడా మీసాల్లో నవ్వాడు. దర్జీ చెల్లెమ్మ మాత్రం నవ్వలేదు. కొట్లోంచి మిషను మీంచి లేచి ఉన్నపళంగా వచ్చింది, మెడలో కొలతటేపు అలాగే వేలాడుతోంది. అన్న పోయేనాటికి ఆమెకి పదిహేనేళ్ళు.

"సార్, కింద ఆ ఉలి చప్పుడు వింటున్నారా?" అంది. "పదకొండో పేరు చెక్కుతున్నాడట. అడిగే పైకొచ్చాను. ఇంకో గంటలో అయిపోతుందట. పన్నెండో పేరుకి రాయి మీద చోటుందట."

"చోటు సంగతి కాదమ్మా. పోస్టు వదిలినవాడి పేరు శిల మీద ఎక్కించకూడదు. అది నేను పెట్టిన నియమం కాదు."

"వదల్లేదని రుజువైతే?"

వంటాయన గొంతు సవరించుకున్నాడు. "ఆ రోజు అక్కడున్నవాళ్ళు ఇద్దరు జరిగింది కాగితం మీద రాసి సంతకం పెట్టాలి తల్లీ. పెడితే ఇప్పుడే కిందికి కేకేసి చెప్తాను, చెక్కమని."

ఆమె సంచీలోంచి పుస్తకం తీసింది. నూట పద్నాలుగో పేజీలో దారప్పోగు పెట్టి ఉంది. పేజీ తెరిచిందే గాని కళ్ళు కెప్టెన్ మీదే ఉంచి చదివింది. చదవడం అనకూడదు, అప్పజెప్పింది.

"'తెల్లవారుజామున ఐదు గంటలకు నేను పై పోస్టుకి మూడుసార్లు ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తలేదు. మాకు ఏడు వందల ఇరవై గజాల పైన ఉన్న ఆ పోస్టు అప్పటికే ఖాళీ. వారం తర్వాత ఆ కుర్రవాడు పోస్టుకి ఎనభై గజాల కింద కనిపించాడు. ముఖం లోయ వైపు. కుడిచేతికి గ్లవ్ కూడా లేదు. అంత తొందరలో బయలుదేరాడు.' ఇది మీరు రాసిందే కదా సార్?"

"రాశాను."

"మా అమ్మ పోయేముందు ఈ ముక్క నా చేత రెండుసార్లు చదివించుకుంది. గ్లవ్ ఎందుకు లేదే అని అడిగింది. చలికి చేతులు పగిలేవి వాడికి, గ్లవ్ మర్చిపోయే రకం కాదే అంది. నా దగ్గర జవాబు లేదు."

జవాబు నా దగ్గరుంది. జేబులోంచి చీటీ తీశాను. నాలుగు మడతలు పెట్టి ఉంది. ఒక్క మడత విప్పి, పై సగం కనపడేలా టేబుల్ మీద పెట్టి, వేలితో నొక్కి పట్టుకున్నాను.

తీగ పనిలో ఒక పద్ధతి ఉంది. తీగ చుట్టే డ్రమ్ము స్టోరులోంచి తీసుకునేటప్పుడు సంతకం. తిరిగి ఇచ్చేటప్పుడు స్టోరువాడు టైము రాసి, ఎంత తీగ వచ్చిందో కొలిచి రాసి, ముద్ర కొట్టి చీటీ ఇస్తాడు. బాంబులు పడుతున్నా సరే, చీటీ లేకుండా డ్రమ్ము తీసుకోడు.

"మూడు గంటల నలభై నిమిషాలు," అన్నాను. "చూసుకోండి సార్, ముద్ర కూడా ఉంది. ఆ టైముకి పై పోస్టు తీగ నా డ్రమ్ము మీదుంది, డ్రమ్ము స్టోరులో ఉంది. ఐదింటికి మూడుసార్లు దేంతో ఫోన్ చేశారు? ఆ గొంతుతో కేకేశారా?"

వంటాయన చప్పున తల దించుకున్నాడు. కెప్టెన్ మండిపడతాడనుకున్నాను. దానికోసమే కదా అన్నేళ్ళు ఆగింది. మండిపడలేదు. చీటీ వైపు చూశాడు, నా వేలి వైపు చూశాడు, నా మొహంలోకి చూశాడు.

"అది తీసి జేబులో పెట్టుకో," అన్నాడు మెల్లగా.

"భయమా సార్?"

"నీ మంచికే చెబుతున్నాను."

"నా మంచి మీరు చూసినంత చాలు. ఇంకా వినండి. చెల్లెమ్మా, నువ్వూ విను. మీ అమ్మ అడిగిందే, గ్లవ్ ఏమైందని." నా గొంతు నాకే కొత్తగా, బలంగా వినపడింది. "తీగ చచ్చిపోతే, అంటే ఫోన్ మోగకపోతే, పోస్టులో ఉన్నవాడు ఊరికే కూర్చోకూడదు. తీగ చేత్తో పట్టుకుని, దాని వెంటే దిగుతూ, ఎక్కడ తెగిందో వెతకాలి. చీకట్లో కంటికి కనపడదు, వేళ్ళకే తెలియాలి. గ్లవ్ వేసుకుంటే తెలియదు. అందుకని కుడిచేతి గ్లవ్ తీసేస్తాం. వాడికి ఆ పని నేర్పింది నేనే. మీ అన్న పారిపోలేదమ్మా. పని మీద వచ్చాడు."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కొలతటేపు కొస పిడికిట్లో నలిగిపోతోంది. "అమ్మ బతికుంటే..." అని మాత్రం అంది.

నేను గెలిచాను. అబద్ధం ఎందుకు, ఆ నిమిషం నా ఒళ్ళు తేలికైపోయింది. అప్పుడే చీటీ తీసి మడిచి జేబులో పడేసుకుని ఉంటే ఈ కథ ఈ వారంతో హాయిగా అయిపోయేది. టేబుల్ మీదే వదిలేసి, వేలు తీసి, చేతులు కట్టుకుని నిలబడ్డాను, మొనగాణ్ణి కదా.

"ఫోన్ చేశానన్నది అబద్ధమే," అన్నాడు కెప్టెన్.

వంటాయన కుర్చీ కిర్రుమంది. కింద ఉలి ఆగలేదు.

"మూడుసార్లూ అబద్ధమే. ఇంకోటి కూడా చెబుతాను, పుస్తకంలో లేనిది. మేం వెళ్ళేసరికి వాడి కుడి గుప్పిట్లో తీగ ఉంది. పోస్టు దగ్గర్నుంచి వచ్చిన తీగ. నేనే వేళ్ళు విప్పి తీశాను. గ్లవ్ లేదని రాశాను, తీగ ఉందని రాయలేదు."

"ఎందుకు రాయలేదు?" చెల్లెమ్మ లేచి నిలబడింది. "తెలిసి, చేత్తో తీసి, మా అన్నని పిరికివాడన్నారా? మీకు అన్నం ఎలా..."

"తీగ ఉందని రాస్తే, అది ఎక్కడ తెగిందని అడుగుతారమ్మా. ఎవరు తెంపారని అడుగుతారు." కంచుగొంతు ఇప్పుడు కంచులా లేదు, పగిలిన కుండలా ఉంది. "తీగా, ఆ రాత్రి నేను నీకు చెప్పిన ఆర్డరు ఏమిటి?"

"చుట్టినంత చుట్టుకుని వచ్చెయ్ అన్నారు."

"ఇంకోసారి ఆలోచించుకుని చెప్పు."

"ఆలోచించేదేముంది? అదే అన్నారు."

"'చుట్టుకుంటూ పైదాకా వెళ్ళు, వాణ్ణి వెంటబెట్టుకుని రా' అన్నాను. వచ్చి నాకేం చెప్పావు?"

"నేనేం చెప్పలేదు."

కెప్టెన్ నాతో వాదించలేదు. వంటాయన వైపు తిరిగాడు. వంటాయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"బాబాయ్," అంది చెల్లెమ్మ. "మీరూ అక్కడే ఉన్నారా?"

"గిన్నెలు సర్దుకుంటున్నాను తల్లీ. వీడు దిగొచ్చాడు. వేణ్ణీళ్ళ గ్లాసు నేనే అందించాను." నా మొహం చూడకుండానే మాట్లాడుతున్నాడు. "'పైన ఎవరూ లేరు సార్, పోస్టు ఖాళీ' అన్నావురా. నేను విన్నాను. నిజమే అనుకున్నాను. ఇవాళ్టిదాకా నిజమే అనుకుంటున్నాను."

"నిజమే!" అన్నాను. "వెళ్ళి చూశాను. లేడు. తీగ తెగిందేమోనని అప్పటికే దిగిపోయి ఉంటాడు, చీకట్లో ఒకరికొకరం కనపడకుండా..." ఇంతసేపూ పైకి ఎవర్నీ పంపలేదన్నవాణ్ణి, ఇప్పుడు నేనే వెళ్ళి చూశానంటున్నాను. ఒక అబద్ధం కుట్టు ఊడితే ఇంకోటి వేస్తున్నాను. దర్జీ ముందు.

ఆమె నా మాట వినడం లేదు. టేబుల్ మీది చీటీ తీసుకుంది. బట్ట చేతికొస్తే దర్జీ చేసే మొదటి పని మడత విప్పడం. విప్పింది. ఇరవై రెండేళ్ళు నా రేకుపెట్టెలో ఆ మడత మడతగానే ఉంది. టైము చూడాలన్నా పై సగమే తెరిచేవాణ్ణి. కింది వరుసలో ఏముందో నాకు తెలుసు గనకనే తెరిచేవాణ్ణి కాదు.

"తిరిగి వచ్చిన తీగ," అని చదివింది. "ఆరు వందల నలభై గజాలు."

మెడలోని టేపు తీసి టేబుల్ మీద పరిచింది, ఎందుకో ఆమెకే తెలియనట్టు. చూపుడు వేలు దాని మీద జరుపుతూ పెదాలు కదిపింది. తర్వాత పుస్తకం వైపు చూసింది. నూట పద్నాలుగో పేజీ.

"పోస్టు ఏడు వందల ఇరవై గజాల పైన."

మళ్ళీ చీటీ వైపు తిరిగింది.

"నువ్వు వెనక్కి తెచ్చింది ఆరు వందల నలభై. మా అన్న పడున్నది పోస్టుకి ఎనభై గజాల కింద. చేతిలో తీగ కొస." ఆమె తల ఎత్తింది. కోపం లేదు ఆ కళ్ళల్లో. కోపం ఉంటే ఓర్చుకునేవాణ్ణి. "ఆరు వందల నలభై దగ్గర ఆగిపోయినవాడివి, పైన ఎవరూ లేరని నీకెలా తెలిసిందన్నా?"

ఇక్కడ మీకు ఒక మాట చెప్పాలి. కెప్టెన్ ఎవర్నీ పంపలేదని రెండో వారం నుంచీ మీకు రాస్తూ వస్తున్నాను. ఈ వారం మొదట్లో కూడా రాశాను, చెయ్యి అలవాటుపడిపోయింది. అది అబద్ధం. పంపాడు. నన్నే పంపాడు.

డ్రమ్ము పొట్టకి కట్టుకుని, పిడి తిప్పుకుంటూ ఎక్కాను. ఆరు వందల నలభై దగ్గర ఒక బండ ఉంది. అక్కడికి చేరేసరికి మొదటి గుండు పడింది. రెండోది ఇంకా దగ్గరగా పడింది. బండ వెనక నక్కాను. మూడోది పడలేదు. అయినా లేవలేదు. కాసేపటికి నడుముకున్న పటకారు తీసి తీగ తెంపాను. తల ఎత్తితే మంచు వెలుతురులో పోస్టు రాళ్ళు కనపడుతున్నాయి. పిలిస్తే వినపడే దూరం. పిలవలేదు. వెనక్కి తిరిగి, వచ్చినదానికంటే రెండింతల వేగంతో దిగాను. నేను దిగుతుంటే వాడు పైన ఫోన్ ఎత్తి ఉంటాడు. హలో అని ఉంటాడు. చప్పుడు లేకపోయేసరికి, నేను నేర్పిన పాఠం ప్రకారం గ్లవ్ తీసి ఉంటాడు.

"సార్," అన్నాను. "తీగ కొస చూసినప్పుడే మీకు తెలిసిపోయిందా?"

"పటకారుతో తెంపిన కొసకీ, గుండు తగిలి తెగిన కొసకీ తేడా తెలియదా నాకు?"

"మరి నన్నెందుకు..."

"నువ్వు బతికున్నావు. వాడు లేడు. నీకు అప్పుడు ఆర్నెల్ల కూతురు." కెప్టెన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అంతే అనుకోకు. నిన్ను పంపి ఊరుకున్నది నేను. నువ్వు ఖాళీ అనగానే సరేనన్నది నేను. నా చోట ఇంకెవరున్నా మరొకర్ని పంపేవాడు కాదా? పంపలేదు. నీ అబద్ధం నాకు పనికొచ్చింది. దానికి మూడు ఫోన్లు తగిలించాను. తర్వాత జనం చప్పట్లు కొట్టారు. కొడుతూనే ఉన్నారు."

చెల్లెమ్మ ఎవరి మొహమూ చూడలేదు. బీరువా మీదున్న తెల్లకాగితం ఒకటి తీసి టేబుల్ మీద పెట్టింది. దాని మీద పెన్ను పెట్టింది.

"ఇద్దరు రాసి సంతకం పెట్టాలన్నారు కదా బాబాయ్."

"నేను పెడతాను," అన్నాడు కెప్టెన్. "పుస్తకంలో రాసింది తప్పని రేపు ఆ శిల ముందు నిలబడి కూడా చెబుతాను. కానీ ముందు వాణ్ణి రాయమనండి. పైన ఏం జరిగిందో వాడికి తప్ప ఎవరికీ తెలియదు. వాడు రాయకపోతే నా సంతకానికి ఆధారం ఏమీ ఉండదు."

కింద ఉలి చప్పుడు ఆగింది.

మెట్ల మీద అడుగులు. రాతిపనాయన తలుపు దగ్గరికి వచ్చి, చేతుల మీది రాతిపొడి దులుపుకుంటూ నిలబడ్డాడు.

"పదకొండూ అయిపోయాయి సార్. సామాను సర్దేసుకోనా, ఇంకేమైనా ఉందా?"

నలుగురూ నన్నే చూస్తున్నారు. నా కూతురికి ఇప్పుడు ఇరవై రెండేళ్ళు. మా నాన్న యుద్ధం చేసొచ్చాడని అత్తవారింట్లో చెప్పుకునే పిల్ల. రేపు పొద్దున ఆ శిల చూడ్డానికి మొగుణ్ణీ అత్తమామల్నీ వెంటబెట్టుకుని వస్తానంది, ముందు వరుసలో నాలుగు కుర్చీలు పట్టి ఉంచమంది.

"ఒక్క నిమిషం ఆగన్నా," అంది చెల్లెమ్మ రాతిపనాయనతో. తర్వాత నాతో, "రాయన్నా," అంది. "పెద్ద మాటలేం వద్దు. మా అన్నకీ నీకూ మధ్య ఎంత దూరం మిగిలిందో అది రాయి, చాలు."

పెన్ను తీసుకున్నాను. తీగ పరిచిన వేళ్ళు, రాయడానికి వంగడం లేదు. ఆరో తరగతిలో బడి మానేసినవాణ్ణి, లెక్కలు రావని మేష్టారు రోజూ బెంచీ ఎక్కించేవాడు. ఈ ఒక్క లెక్క మాత్రం ఇరవై రెండేళ్ళుగా కాగితం లేకుండానే వస్తోంది. పై పోస్టు దాకా ఏడు వందల ఇరవై గజాలు. అందులో నేను ఎక్కింది ఆరు వందల నలభై.

సంతకం చేసే చోటు ఇంకా ఖాళీగానే ఉంది. దాని పైన, వంకర అక్షరాల్లో, నేను పోగొట్టుకున్న నేల ఎంతో రాశాను.

ఎనభై గజాలు.